పురిటింటికి వచ్చు చుట్టములు

ఒక ఇంట బిడ్డ పుట్టినదన్న వార్త ఆ ఒక్క ఇంటితో ఆగునది కాదు. తల్లిదండ్రులకు ఆ బిడ్డ సంతానము. వేరొకరికి మనుమడో మనుమరాలో. ఇంకొకరికి మేనల్లుడో, తమ్ముని కూతురో. ఒక్క ప్రాణి నేలపై పడగానే పదిమందికి క్రొత్త వరుసలు పుట్టుచున్నవి. నిన్నటివరకు అక్కగా ఉన్న ఆమె నేడు పెద్దమ్మ యగుచున్నది; నిన్నటివరకు పిల్లవానిగా చూడబడినవాడు నేడు మేనమామ యగుచున్నాడు. ఆ వరుసను కన్నులార చూచుకొనవలెనను ఆతురత సహజమైనది. దానిని తప్పుపట్టుటకు మేము ఈ ప్రసంగమునకు పూనుకొనలేదు. ఆ ఆతురత బాలింతకు మేలుగా పరిణమించుటెట్లు అన్నదే నేటి మన విచారము.

చూడవచ్చువారు వట్టిచేతులతో రారు. వట్టి మనసుతోను రారు. కొన్ని ఆశలు వెంటబెట్టుకొని వచ్చెదరు. వార్త తమకు ముందుగా చెప్పవలెనన్నది మొదటి ఆశ. పూర్వము నాలుగు మూలల పసుపు పూసిన కార్డు వచ్చువరకు అందరును ఓపిక పట్టినవారే. చేతిలో ఫోనున్న నేటి కాలములో, మేనత్తకు చెప్పిన గంటకు గాని పినతల్లికి చెప్పలేదన్న మాట మనసులో ముల్లై నిలుచుచున్నది. బిడ్డను తమ చేతికి ఈయవలెనన్నది రెండవ ఆశ. నిదురించుచున్నను సరే, లేపి చూపవలెనన్నది మూడవది. పోలిక తమ వైపుదేనని ఒప్పుకొనవలెనన్నది నాల్గవది. ఇవిగాక కూర్చుండబెట్టి కాఫీ ఈయవలెను; దూరమునుండి వచ్చినచో భోజనము పెట్టవలెను; వియ్యాలవారైనచో బట్టలు పెట్టవలెను. వీనిని ఎవరును నోరు తెరచి అడుగరు. అడుగకయే జరుగవలెనని తలచుటలోనే చిక్కంతయు ఉన్నది.

ఇక లోపలి గదిలోనికి చూతము. ప్రసవమైన పిమ్మట ఆరు వారములు, అనగా 42 దినములు, స్త్రీ శరీరము కోలుకొను కాలమని వైద్యులు చెప్పుదురు. గర్భకోశము మునుపటి పరిమాణమునకు వచ్చుటకు సుమారు అంత కాలము పట్టును. శస్త్రచికిత్స జరిగియున్నచో కుట్లు మానవలెను. లేచి కూర్చుండుటకే చేయూత కావలెను. బిడ్డయో, దినమునకు ఎనిమిది మొదలు పన్నెండు మారులు పాలు త్రాగును. దానికి రాత్రి యనియు పగలనియు భేదము లేదు. ఒక్కొక్క మారునకు అరగంట అనుకొన్నను, పాలిచ్చుటకే నాలుగు మొదలు ఆరు గంటల కాలము చెల్లుచున్నది. ఇట్టి తల్లికి నిద్ర ఒక రాత్రిగా దొరకదు. తునకలు తునకలుగా దొరకును. బిడ్డ కన్ను మూసినప్పుడే తానును కన్ను మూయవలెను. సరిగా ఆ వేళకే మనము తలుపు తట్టుచున్నాము.

చుట్టములతో గది నిండినప్పుడు జరుగు ఒక చిన్న సంగతిని మీరును గమనించియే యుందురు. బిడ్డ పెదవులు చప్పరించి ఆకలిని తెలుపును. ఎదుట మామగారి వరుసవారు కూర్చుండి ఊరి సంగతులు చెప్పుచుందురు. బాలింత సిగ్గుపడి, వారు లేచినపిమ్మట పాలు పట్టుదమని ఓర్చుకొనును. పావుగంట అరగంట యగును. బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. తల్లి రొమ్ములు బరువెక్కి నొప్పిపెట్టును. గుక్కపట్టిన బిడ్డ వెంటనే రొమ్ము పట్టలేదు. అది చూచి ఎవరో ఒక పెద్దమ్మ, “పాలు చాలుట లేదేమో, డబ్బాపాలు కలుపరాదా?” అనును. ఆ సీసా ఒకమారు నోటికి అలవడినచో బిడ్డ తల్లిని త్రాగుట తగ్గించును. త్రాగుట తగ్గినకొలది తల్లికి పాలు ఊరుటయు తగ్గును. ఏలయన పాలు పిండినకొలది ఊరునవియే గాని, నిలువచేసిన సరకు కావు. ఇందులో ఎవరికిని చెడు తలంపు లేదు. ఒక్కరు లేచి, “అమ్మాయికి పాలిచ్చు వేళయైనట్లున్నది, మనము వసారాలో కూర్చుందము” అనియున్నచో ఇంత జరిగియుండదు.

మన పూర్వులు ఈ చిక్కునకు ఒక కట్టడి ఏర్పరచుకొనియుండిరి. పురుడు అను మాటకు ప్రసవమనియే గాక, ఆ పిమ్మట పాటించు అశౌచమనియు అర్థము. పది దినములు ఆ ఇంటికి రాకపోకలు తగ్గియుండెడివి. పదకొండవ దినమున పురిటిస్నానము. పెక్కు ఇండ్లలో ఇరువదియొకటవ దినమున బారసాల. ఆనాడు అందరును వచ్చెడివారు, బిడ్డను ఉయ్యెలలో వేసెడివారు, పేరు పెట్టెడివారు, పాటలు పాడెడివారు. కొన్ని ఇండ్లలో బాలింత చేత బావికి పసుపుకుంకుమలు పెట్టించి, చేద వేయించి నీరు తోడించెడివారు. అంతవరకు ఆమె ఇంటిపనికి చేయి చాచవలసిన పని లేదనుటకు అది గుర్తు. అనగా ఎప్పుడు రావలెను, ఎప్పుడు రాకూడదు అన్న సంగతిని ఒక మనిషి నోట చెప్పించక, ఆచారమే చెప్పెడిది. వలదన్నవారు ఎవరును లేరు గనుక నొచ్చుకొనువారును లేరు.

ఆ కాలమంతయు బంగారము అనుట మా ఉద్దేశము కాదు. గాలి వెలుతురు లేని గది, కుంపటి పొగ, దాహమని మొరపెట్టినను నీరు ఈయని పథ్యము, తల్లి అంటరాదన్న వెలివేత—ఇవియు ఆనాటివే. కూలికి పోవలసిన ఇండ్లలో ఆ పది దినముల విశ్రాంతియు ఎందరికో దొరకలేదు. చీకటిగదిని విడిచిపెట్టుట మంచిదే. కాని చీకటితోపాటు విశ్రాంతిని కూడ విడిచిపెట్టితిమా అని ఆలోచింపవలెను.

నేడు కాన్పులు ఇంటినుండి ఆసుపత్రికి మారినవి. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను నూటికి 96 కంటె ఎక్కువ కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. తల్లుల ప్రాణములకు ఇది పెద్ద రక్ష. అయితే ఒక చిత్రము జరిగినది. ఆసుపత్రికి పురుడు లేదు, మైల లేదు; బంధువులకు అక్కడికి పోవుటకు అడ్డు లేదు. పూర్వము పదకొండవ దినమువరకు ఆగిన చుట్టము నేడు రెండవ గంటకే మంచము ప్రక్కన నిలుచుచున్నాడు. రోగిని పలుకరించుటకు పోవు అలవాటు, బిడ్డను చూడబోవు వేడుక రెండును కలిసిపోయినవి. ఆచారము కట్టిన తలుపు పోయినది. దాని స్థానమున మనము మరియొక తలుపు కట్టుకొనలేదు.

తలుపు అవసరమా అని కొందరు అడుగవచ్చును. దీనికి వైద్యచరిత్రలో ఒక సమాధానము కలదు. 1847లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు పనిచేయుచుండెను. అక్కడ వైద్యులు కాన్పులు చేయు వార్డులో సూతికాజ్వరముతో మరణించు తల్లులు చాల ఎక్కువ. మంత్రసానులు కాన్పులు చేయు వార్డులో తక్కువ. శవములను పరీక్షించు గదినుండి వైద్యులు తిన్నగా ప్రసవపు గదికి వచ్చుచుండుటయే కారణమని ఆయన గ్రహించెను. సున్నపు క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగుకొని గాని లోపలికి రాకూడదని కట్టడి చేసెను. ఆ ఏప్రిల్ నెలలో నూటికి పద్దెనిమిది వరకు ఉన్న మరణములు కొద్ది నెలలలోనే రెండింటి సమీపమునకు దిగినవి. అయినను ఆనాటి పెద్ద వైద్యులు పలువురు ఆయన మాటను మన్నింపలేదు. మా చేతులు మురికివా అని వారికి కోపము వచ్చినది. పురిటింట చేతులు కడుగుకొనుమన్నప్పుడు మన చుట్టములలో కొందరికి వచ్చు కోపము కూడ ఆ జాతిదే.

అప్పుడే పుట్టిన బిడ్డకు రోగములను ఎదుర్కొను శక్తి పూర్తిగా ఏర్పడియుండదు. ప్రపంచమందంతట 2022లో సుమారు 23 లక్షలమంది శిశువులు మొదటి నెల నిండకుండగనే మరణించిరి. అందుకు ముఖ్యకారణములలో అంటురోగములు ఒకటి. కోరింతదగ్గు మొదలైనవానికి వేయు టీకా మన దేశమున ఆరవ వారమున గాని మొదలుకాదు. పెద్దలకు రెండు దినముల జలుబుగా పోవునది పసికందునకు ఊపిరి ఆడని వ్యాధిగా మారవచ్చును. పెదవిపై పొక్కులున్నవారు పెట్టు ముద్దు కూడ నెల లోపు బిడ్డకు ప్రాణాపాయము తేగలదు. కావున జలుబు, దగ్గు, జ్వరము ఉన్నవారు రాకుండుటయే చుట్టరికము. వచ్చినవారు కాళ్ళు కడుగుకొనుట మన ఇండ్లలో పాతమాటయే. దానికి సబ్బుతో చేతులు కడుగుకొనుటను చేర్చిన చాలును. ముద్దు కోరిక పుట్టినచో పాదములను తాకి కన్నుల కద్దుకొనుడు. ఆ ముచ్చటకు ఏ లోటును రాదు.

చేతులవలెనే మాటలను కూడ గడప వద్ద కడుగుకొని రావలెనని మా మనవి. పురిటింట సలహాలకు కొదువ ఉండదు. మొదటి ముర్రుపాలు పిండివేయుమని ఒకరందురు. అవియే బిడ్డకు మొదటి రక్ష. పుట్టిన గంట లోపల పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తేనె నాకింపుమని మరొకరందురు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. దానియందు ఉండగల ఒక సూక్ష్మజీవివలన శిశువునకు కండరములు చచ్చుబడు జబ్బు రావచ్చును. పంచదార నీరు పట్టుమని వేరొకరందురు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు కూడ అవసరము లేదు. బాలింతకు దాహమిచ్చిన బిడ్డకు జలుబు చేయునని ఇంకొకరందురు. పాలిచ్చు తల్లికి నీరు, పప్పు, ఆకుకూర, పాలు, పండ్లు ఎక్కువ కావలెనే గాని తక్కువ కాదు. పెద్దల అనుభవములో విలువైనవి లేకపోలేదు. బిడ్డను ఎత్తుకొను తీరు, త్రేన్పు తెప్పించు తీరు, ఏడుపును బట్టి ఆకలిని నిదురను గుర్తించు తీరు పుస్తకములకంటె వారికే బాగుగా తెలియును. కాని పదిమంది పదివిధములుగా చెప్పినప్పుడు, మొదటి కాన్పు తల్లికి మిగులునది జ్ఞానము కాదు. తనకేమియు చేతగాదన్న భయము మాత్రమే.

అన్నిటికంటె బరువైన మాట మరియొకటి కలదు. “మళ్ళీ ఆడపిల్లయా?” అనునది. కొందరు మాటగా అందురు. కొందరు నిట్టూర్పుగా అందురు. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజమేనని పాఠశాలలోనే నేర్పుచున్నారు. అయినను ఆ నిట్టూర్పు తల్లి మంచము వైపే వచ్చును. కాన్పైన మూడవ నాటినుండి చాలమంది తల్లులకు కారణము లేకయే కన్నీరు వచ్చుచుండును. అది శరీరములో కలుగు మార్పుల ఫలితము. రెండు వారములలో సామాన్యముగా సర్దుకొనును. సర్దుకొనక దిగులు పెరిగినచో వైద్యునికి చూపవలెను. సరిగా ఆ దినములలోనే మనము చూడబోవుచున్నాము. ఆ సమయమున విన్న ఒక్క మాటను స్త్రీలు నలుబది సంవత్సరములైనను మరువరు. బిడ్డ నలుపు తెలుపుల గూర్చి, బరువు గూర్చి, తల్లి పాలు గూర్చి ఏమియు అనకుండుట కూడ ఒక కానుకయే.

ఇక వంటింటివైపు చూతము. మన వాడుకలో తొలిచూలు పురుడు పుట్టింట జరుగును. అచ్చట బాలింత మంచముపై ఉండగా పనియంతయు ఆమె తల్లిపై పడును. రాత్రి మనుమని ఎత్తుకొని తిరిగినది ఆమెయే. తెల్లవారి పథ్యపు వంట, బిడ్డకు నలుగు, వేడినీళ్ళు, గుడ్డల ఉతుకు ఆమెవే. ఉదయము నలుగురు, మధ్యాహ్నము ముగ్గురు, సాయంకాలము అయిదుగురు చూడవచ్చిరనుకొందము. పన్నెండు గ్లాసుల కాఫీ కలిపినది, ఆ పన్నెండు గ్లాసులు కడిగినది ఆమెయే. చుట్టములు వచ్చుట వలన బాలింతకంటె ఎక్కువగా అలసిపోవునది ఈ అమ్మమ్మ. ఆమెను గూర్చి ఎవరును అడుగరు.

కావున చూడబోవువారు ఇంటికి అతిథులుగా గాక ఇంటిమనుషులుగా పోవలెను. క్యారియరులో ఒకపూట అన్నము, మిరియాల చారు, కూర తీసికొనిపొండు. వెండిగిన్నె కంటె ఆ గిన్నె ఆనాటికి విలువైనది. ఒకరు గుడ్డలు మడచి పెట్టవచ్చును. ఒకరు మందుల దుకాణమునకు పోయి రావచ్చును. ఇంట పెద్దబిడ్డ ఉన్నచో ముందుగా ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. అమ్మ ఒడి పోయినదని అలిగి మూల నిలుచున్న ఆ మూడేండ్ల పిల్లకు కూడ ఒక బొమ్మ తెండు. దానిని వీధిచివరవరకు నడిపించుకొని పొండు. ఆ అరగంట తల్లికి కలుగు నెమ్మది మరి దేనివలనను కలుగదు.

ఈ విషయమున మనకు ఒక మంచి మాదిరి మన పల్లెలలోనే ఉన్నది. 2011 నుండి ఆశా కార్యకర్తలు బాలింతల ఇండ్లకు వెళ్ళు కార్యక్రమము దేశమున అమలులోనికి వచ్చినది. ఆసుపత్రిలో కాన్పైన తల్లి కొరకు ఆమె మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములందు ఇంటికి రావలెను. ముందు చేతులు కడుగుకొనును. బిడ్డను తూచును, ఒంటివేడి చూచును. తల్లిని జ్వరమున్నదా, పాలు పడుచున్నవా అని అడుగును. పని ముగియగానే వెళ్ళును. ఆమె ఆ ఇంటికి రక్తసంబంధి కాదు. అయినను చుట్టము ఎట్లు రావలెనో ఆమె రాకయే చెప్పుచున్నది.

మేము చెప్పినదంతయు విని, అయితే ఎవరును రావలదందురా అని అడుగకుడు. ఎవరును రాని పురిటిల్లు ఎంత వెలవెలబోవునో పట్టణములలో ఒంటరి కాపురములు చేయువారికి తెలియును. సముద్రముల కావల నున్న మన తెలుగు ఆడపడుచులకు మరింత తెలియును. అమెరికాలో కాన్పైన బిడ్డను చూచుకొనుటకు తల్లిదండ్రులు సందర్శకులుగా పోయి, సామాన్యముగా ఆరు నెలల వరకు ఉండి వచ్చుచున్నారు. మొదట అమ్మ, ఆమె తిరిగిన పిమ్మట అత్తగారు అని వంతులు వేసికొను కుటుంబములు చాల ఉన్నవి. అక్కడి వైద్యులు బిడ్డ వద్దకు రాబోవు తాతలు అమ్మమ్మలు కోరింతదగ్గు టీకాను కనీసము రెండు వారములు ముందుగా వేయించుకొనవలెనని చెప్పుదురు. దానికి వారెవ్వరును నొచ్చుకొనుట లేదు. టీకా వేయించుకొని విమానమెక్కు అమ్మమ్మకు ఉన్న వివేకము ఆటో ఎక్కి వచ్చు మనకు ఉండదా?

మరి వలదని చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరు చెప్పవలెను? బాలింత చేత చెప్పింపరాదు. ఆమె మాట గర్వముగా వినబడును. ఆమె తల్లి చేత చెప్పింపరాదు. వియ్యాలవారికి అది అవమానముగా తోచును. చెప్పవలసినవాడు బిడ్డ తండ్రి. కేంద్రప్రభుత్వము తన పురుష ఉద్యోగులకు బిడ్డ పుట్టినప్పుడు పదిహేను దినముల సెలవు ఇచ్చుచున్నది. ఆ సెలవు మిఠాయిలు పంచుటకు మాత్రమే కాదు. “అక్కయ్యా, పదకొండవ నాటి పిమ్మట సాయంకాలము నాలుగు గంటలకు రండి, అప్పటికి ఇద్దరును లేచియుందురు” అని అతడు చెప్పినచో ఏ అక్కయ్యయు కోపింపదు. రావలదనుట కాదు అది; ఎప్పుడు రావలెనో చెప్పుట.

కాని ఇందొక న్యాయము పాటింపవలెను. కట్టడి ఇరువైపులవారికి ఒక్కటే కావలెను. పుట్టింటి పిన్నమ్మ రెండవ నాడు వచ్చి బిడ్డను ఒడిలో పెట్టుకొని, అత్తవారింటి ఆడపడుచును మాత్రము మూడు వారములు ఆగుమన్నచో ఆమె నొచ్చుకొనుటలో తప్పు లేదు. మన పురిటి తగవులలో ఎక్కువ భాగము ఈ పక్షపాతమువలన పుట్టినవే. తలుపు మూసినందుకు ఎవరును బాధపడరు. తమకు మూసి ఇతరులకు తెరచినందుకే బాధపడుదురు. కావున సమీపములో ఉండి పనిచేయువారు తప్ప తక్కిన అందరికిని ఒకటే దినము పెట్టుడు. బారసాలను ఆ దినముగా చేసికొన్నచో మన పాత ఆచారమే మరల మనకు అక్కరకు వచ్చును. ఆనాటికి తల్లి కొంత కోలుకొనును. బిడ్డకు మూడు వారములు నిండును. అందరును ఒక్కనాడు వచ్చి, చేతులు కడుగుకొని, ఉయ్యెల చుట్టు నిలిచి, పేరు పెట్టి పిలిచి పోదురు. ఆనాటి వంట ఇంటివారిపై పడనీయక నలుగురును పంచుకొన్నచో వేడుక మరింత నిండుగా ఉండును.

పురిటింట గడప దిగునప్పుడు ప్రతివారును తమలో తాము ఒక ప్రశ్న వేసికొనవలెను. మనము వచ్చుటవలన ఆ తల్లికి ఒక గంట నిద్ర కలిగినదా, తగ్గినదా? ఆమె తల్లికి ఒక పని తీరినదా, పెరిగినదా? తీరినదని మనసు చెప్పినచో ఆ చుట్టరికము ధన్యమైనది. బిడ్డను ఎత్తుకొనలేకపోయినను చింత లేదు. ఆ బిడ్డ పెరుగును, నడచును, మన వరుసను తన నోటితో పిలుచుకొనుచు మన ఇంటికే వచ్చును. అప్పుడు ఎత్తుకొనుటకు కావలసినంత కాలము ఉన్నది.